మొహమాటంతో నడిచిన కారు

నా కారు ఒక శీతాకాలమంతా కినుయో అక్క మొహమాటం మీద నడిచింది. పెట్రోలు మీదే నడిచింది లెండి, కానీ ఆ పెట్రోలు నా టాంకులోకి వచ్చిన దారి వింటే మీరూ ఆ మాటే అంటారు.

కినుయో అక్క నాకు చుట్టమేం కాదు, పెద్దదని అలా పిలుస్తాను, డెబ్బై దాటింది. మనిషి నా భుజం దాకా కూడా రాదు. ఇంత చిన్న మనిషిలో అంత మొహమాటం ఎక్కడ పడుతుందా అని నేను ఏళ్ళ తరబడి ఆమె తల దువ్వుతూ ఆశ్చర్యపోతున్నాను. పక్కింటివాళ్ళు రెండు వంకాయలిస్తే ఆమె నాలుగు ముల్లంగులు తిరిగివ్వాలి. ఆ నాలుగింటికి బదులుగా వాళ్ళేదైనా పంపితే మళ్ళీ ఏదో వండి పట్టుకెళ్ళాలి. రెండిళ్ళ మధ్యా గిన్నెలు తిరుగుతూనే ఉంటాయి, ఏ గిన్నె ఎవరిదో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

మా కొండమీది ఊరు కాయబారాలో ఉన్న ఒకే ఒక్క సెలూన్ నాది. మామగారు పెట్టారు, తర్వాత మా ఆయన నడిపాడు, ఆయన పోయాక కత్తెర నా చేతికొచ్చింది. ఆడా మగా అందరి తలలూ నా చేతి కిందికే వస్తాయి, తలలతో పాటు కబుర్లూ వస్తాయి. హరుయో నోట్లో మాట ఆగదని ఊరంతా అంటుంది. నేను కాదనను. కానీ అక్క సంగతి మాత్రం కోతలైన నాటి నుంచి ఫిబ్రవరి మంచు దాకా కడుపులో దాచుకున్నాను. దానికి నాకు ఎవరైనా పతకం ఇవ్వాలి.

అక్క భర్త ఎయిజిగారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు కొండ దిగి పట్నం వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. ఆస్పత్రి వ్యాను దిగువ ఊరి దాకా వచ్చి ఆగిపోతుంది. ఆ పైన ఉన్నది నాలుగు ముసలి ఇళ్ళే కదా అని వాళ్ళ లెక్క. అంచేత అక్కే కారు నడపాలి. పోనూ రానూ ఎనభై కిలోమీటర్లు, అంతా మలుపులు. కారు చిన్నదే గానీ తిరుగు ప్రయాణంలో కొండ ఎక్కేటప్పుడు దాహంతో ఉన్న ఎద్దులా తాగేది. ఒక్కసారి వెళ్ళొస్తే వెయ్యి యెన్లు పెట్రోలుకే అయ్యేవి. వచ్చేది ఇద్దరి పింఛను. ఇలా ఎంతకాలమని ఆమె రాత్రిళ్ళు నిద్రపోయేది కాదు.

పట్నంలో పాత కార్లమ్మే చోట పనిచేసే అక్క చెల్లెలి కొడుకు ఆ అవస్థ చూసి, ఒక కరెంటు కారు చూపించాడు. అదే ఆకారం, అదే మీగడ రంగు.

"ఇది నా కారులాగే ఉంది కదరా" అందట అక్క.

"కవలపిల్ల అనుకో పెద్దమ్మా. ఇది మాత్రం తాగదు."

పాతది ఇచ్చి, దాచుకున్నదేదో కలిపి, అక్క దాన్ని తెచ్చుకుంది. రాత్రిపూట కరెంటు చౌక కాబట్టి పడుకునే ముందు కొట్టంలో తీగ తగిలించేది. వెయ్యి యెన్ల దారి మూడొందల దారి అయింది. నాకు ఆ విద్యంతా ఆమే నేర్పింది. మాలాంటి కొండమీది వాళ్ళు బ్యాటరీని నిండుగా నింపకూడదట. పొద్దున్నే దిగేటప్పుడు కారు తనంతట తానే కొంత కరెంటు పుట్టిస్తుంది, దాన్ని పెట్టుకోవడానికి చోటుండాలట. "దిగేటప్పుడు సంపాదిస్తుంది, ఎక్కేటప్పుడు ఖర్చు పెడుతుంది" అంది అక్క, పెళ్ళైన కొత్తలో భర్త గురించి చెప్పినంత మురిపెంగా. నేను ఊరుకుంటానా. పెట్రోలు కారులో ఎలాగూ ఇంజను వేడెక్కుతుంది కాబట్టి హీటరు వేడి ఊరికే వస్తుంది, నీ కారులో ఆ వేడికీ కరెంటు కట్టాలి కదా అని అడిగాను. అదీ నిజమేనని ఒప్పుకుంది. చలికాలంలో మూడొందలు నాలుగొందలు అవుతుందేమో, అయినా వెయ్యి ఎక్కడ, నాలుగొందలు ఎక్కడ.

ఇంత లాభం వచ్చినదాని మొహం వెలిగిపోవాలి. అక్క మొహం మాత్రం దొంగతనం చేసినదానిలా వాడిపోయింది. కారణం ఉసుదాగారి పెట్రోలు బంకు.

మా ఊరికి ఉన్నది ఆ ఒక్క బంకే. ఉసుదాగారు ఎనభైకి దగ్గరపడ్డారు, మోకాళ్ళు పట్టేసి పీతలా పక్కకి నడుస్తారు. ఆయనే పెట్రోలు పోస్తారు, చలికాలంలో ఆయనే చిన్న లారీలో ఇంటింటికీ కిరోసిన్ తెచ్చి పోస్తారు. ఆ కిరోసిన్ లేకపోతే ఇక్కడ పొయ్యిలు వెలగవు, మనుషులు బతకరు. పైగా, పెద్ద మంచు పడిన ఏడాది అంబులెన్సు రాలేకపోతే, ఆ కిరోసిన్ లారీకే చక్రాలకి గొలుసులు కట్టి ఎయిజిగారిని ఆస్పత్రికి చేర్చింది ఉసుదాగారే. అలాంటి మనిషి దగ్గర పెట్రోలు కొనడం మానేయడమంటే అక్క దృష్టిలో ఆయన మొహం మీద తలుపు వేయడమే.

"ఆయనకి తెలిస్తే ఏ మొహం పెట్టుకుని ఆ బంకు ముందునుంచి వెళ్ళనే హరుయో? మన ఊళ్ళో ఆయన అమ్మకాలే అంతంతమాత్రం. నేనూ మానేస్తే ఆయన మనసు విరిగి మూసేస్తే? ఊరంతా చలికి చస్తుంది. నావల్ల."

అందుకని అక్క ఏం చేసిందో తెలుసా? కరెంటు కారు కొనుక్కుని, పెట్రోలు కొనడం మాత్రం మానలేదు. ఎర్ర ఇనుప డబ్బా ఒకటి చక్రాల బుట్టలో పెట్టుకుని, నడుచుకుంటూ బంకుకి వెళ్ళేది. డబ్బాలో పోయాలంటే ఎందుకని అడగాలి, అది చట్టం. ఉసుదాగారు టోపీ తీసి మర్యాదగా అడిగేవారు.

"ఎందుకమ్మా?"

"గడ్డి కోసే మిషన్‌కండీ."

"మంచిదమ్మా."

మొదట్లో గట్లమీద గడ్డి ఉంది కాబట్టి మాట చెల్లింది. తర్వాత మంచు మొదలైంది. చక్రాల బుట్ట కదలకపోతే పిల్లలు జారే చెక్క బండికి డబ్బా కట్టి, తాడు నడుముకి చుట్టుకుని లాక్కుంటూ వెళ్ళింది. కొత్త సంవత్సరం నాటికి మంచు మా కిటికీల అంచు దాకా వచ్చింది. అప్పుడూ అదే ప్రశ్న, అదే జవాబు. ఉసుదాగారు కనురెప్ప కూడా వేయకుండా "మంచిదమ్మా" అన్నారు.

ఇంట్లో ఎక్కువ పెట్రోలు పెట్టుకోవడం కుదరదు, అదీ చట్టమే. అందుకే ఆ డబ్బా నా సెలూన్ వెనక తలుపు దగ్గరికి వచ్చేది.

"హరుయో, ఇది నీ కారులో పోసేసుకో. వద్దనకు."

"డబ్బు తీసుకుంటేనే."

"నా పరువు తీయకే. నా తప్పు మోస్తున్నావు, పైగా డబ్బా?"

సరే, జుట్టు కత్తిరించినందుకు నేను డబ్బు తీసుకోవడం మానేశాను. దానికి ఆమె ముల్లంగి ఊరగాయ తేవడం మొదలుపెట్టింది. నా ఇంట్లో ఊరగాయ జాడీలు అటక దాకా పేరుకున్నాయి. అది చాలదన్నట్టు, నేను ఉన్నట్టుండి బంకుకి వెళ్ళడం మానేస్తే ఉసుదాగారికి అనుమానం వస్తుందేమోనని, నేనూ మొహమాటానికి అప్పుడప్పుడు వెళ్ళి కొంచెం పోయించుకునేదాన్ని. నిండిన టాంకుని ఖాళీ చేయడానికి పని లేకపోయినా దిగువ ఊరి దాకా తిరిగొచ్చేదాన్ని. చివరికి లెక్క చూస్తే, అక్క కొన్నది నేను కొనవలసిన పెట్రోలే. ఉసుదాగారికి పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఈ ముక్క అక్కకి చెబితే, "ఆయన మొహం చూసి చెప్పు చూద్దాం" అంది.

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, ఫిబ్రవరిలో నేను వాళ్ళ కారు ఎక్కకపోయి ఉంటే. కంటి డాక్టరు దగ్గర పనుండి, కంట్లో మందు వేస్తే కారు నడపకూడదన్నారని, అక్కావాళ్ళతో పట్నం వెళ్ళాను. సాయంత్రం తిరిగొస్తున్నాం. డయాలసిస్ అయ్యాక మనిషికి లోపలినుంచి చలి పుడుతుంది, ఎయిజిగారిని చూస్తే తెలిసిపోతుంది. ముందు సీట్లో గడ్డం దాకా దుప్పటి కప్పుకుని, ఒళ్ళో వేడినీళ్ళ సీసా పెట్టుకుని కూర్చున్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి. అక్క చేతులకి ఉన్ని తొడుగులు. నేను మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"హీటరు పాడైందా అక్కా?"

"లేదే. బాగానే పనిచేస్తుంది."

"మరి వేయవేం?"

రెండు మలుపులు దాటాక అక్క మెల్లగా అంది, "కరెంటుకీ పెట్రోలుకీ రెంటికీ కట్టాలి కదే. ఎక్కడో అక్కడ తగ్గించుకోవాలి."

అప్పుడు నాకు అర్థమైంది. ఎయిజిగారిని వెచ్చగా, నిశ్చింతగా తీసుకెళ్ళి తీసుకురావడానికి కొన్న కారు అది. అందులో మిగిలినదంతా గడ్డి కోసే మిషన్ పేరుతో నా టాంకులోకి పోతోంది, ఆయనేమో ఇక్కడ వణుకుతున్నారు. నేను ఎయిజిగారి భుజం మీద చెయ్యివేసి "చలిగా ఉందా?" అని అడిగితే, "బాగానే ఉంది" అన్నారాయన. ఆయన పొదుపు మనిషి, మాటల్లో కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కారులో ఉన్న వేడల్లా అదే.

నాలుగు రోజులు ఆ మంటని లోపలే పెట్టుకున్నాను. ఐదో రోజు అక్క పర్మింగ్‌కి వచ్చింది. జుట్టు ఉంగరాలు తిరగడానికి చిన్న గొట్టాలకి చుట్టి, మందు రాసి, ఎప్పుడు కడగాలో చెప్పే గంట పెట్టి పక్కన కూర్చోబెట్టాను. అప్పుడే ఉసుదాగారు మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చారు. క్షవరానికి వచ్చే రోజు అది కాదు, కిరోసిన్ పంచడానికి మర్నాడు పొద్దున్నే బయల్దేరాలని ముందుగా వచ్చారు. అక్క ప్రాణం గుప్పెట్లో పెట్టుకుని వంగి నమస్కరించింది. నేను ఆయన్ని కుర్చీలో వెనక్కి వాల్చి, మొహానికి సబ్బు నురగ పట్టించి, కత్తి తీశాను.

ఉసుదాగారు మర్యాదస్తుడు. ఎదురుగా మనిషి ఉంటే మౌనంగా కూర్చోలేరు.

"కినుయోగారూ, గడ్డి ఎలా ఉంది?"

"ఈ ఏడాది బాగా పెరిగిందండీ" అంది అక్క.

కిటికీ బయట మంచు పిండి జల్లించినట్టు పడుతోంది. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"ఎక్కడ పెరిగింది? పడకగదిలోనా?" అన్నాను. అక్కడితో ఆగాల్సింది. నా నోటికి ఆగడం ఎప్పుడు తెలుసు కనక. "ఉసుదాగారూ, వాళ్ళింట్లో గడ్డి కోసే మిషనే లేదు. ఎయిజిగారికి జబ్బు చేసినప్పుడే మా మరిదికి ఇచ్చేశారు. పెట్రోలు కారు కూడా లేదు, ఉన్నది కరెంటుది. మీ మనసు కష్టపడుతుందని మీ దగ్గర కొంటోంది. కొన్నదంతా నాకు పోస్తోంది. ఆ డబ్బు కోసం కారులో హీటరు వేయడం లేదు, ఆస్పత్రినుంచి ఎయిజిగారు నీలుక్కుపోయి వస్తున్నారు. ఇప్పుడు నా గొంతు కోస్తారో, ఈ కత్తితో మీ గొంతు కోయమంటారో మీరే చెప్పండి."

అక్క మొహం తెల్లటి తువ్వాలుకంటే పాలిపోయింది. కుర్చీలోంచి జారి, గొట్టాలతో సహా తల నేలకి ఆనించింది. కింద పొద్దున్న కత్తిరించిన జుట్టంతా ఉంది, తుడవలేదు ఇంకా.

"క్షమించండి ఉసుదాగారూ. మీరు చేసిన మేలు మరిచి..."

ఆ మాట పూర్తి కానేలేదు. ఉసుదాగారు మోకాళ్ళ నొప్పి మరిచిపోయి, సగం మొహం నురగతో ఆయనా కిందికి దిగిపోయారు.

"వద్దమ్మా, లేవండి. క్షమించమనాల్సింది నేను."

"మీరెందుకండీ, నేను..."

"కాదమ్మా, నేను..."

"ఇద్దరూ కుర్చీల్లో కూర్చుంటారా, నీళ్ళు పోయనా?" అన్నాను. కూర్చున్నారు.

"నాకు మొదటి వారంలోనే తెలుసమ్మా" అన్నారు ఉసుదాగారు నురగ తుడుచుకుంటూ. "వారానికి మూడుసార్లు నా బంకు ముందునుంచి పట్నం పోయే కారు ఒక్కసారీ టాంకు నింపుకోకపోతే, గాలి తాగి నడుస్తోందనుకుంటానా? చెబుతారేమో అని చూశాను. మీరు డబ్బాతో వచ్చారు."

"మరి ఎందుకు అడగలేదండీ?"

అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పారు. నేలలో ఉన్న పెట్రోలు టాంకులు పాతబడ్డాయి, మార్చకుండా నడపకూడదని నోటీసు వచ్చింది. మార్చాలంటే ఆయన తాహతు చాలదు. మోకాళ్ళకి ఆపరేషన్ చేయించుకోమని డాక్టరు తిడుతున్నాడు. అందుకని సంవత్సరాంతానికి మూసేద్దామని కిందటి శరత్కాలంలోనే భార్యాభర్తలు నిశ్చయించుకున్నారు. పట్నం సహకార సంఘంతో మాట్లాడి, వారానికోసారి కిరోసిన్ లారీ మా ఊరి దాకా వచ్చేట్టు ఒప్పందం కూడా చేసిపెట్టారు.

"ముందు మీకే చెబుదామనుకున్నాను. అంతలో మీరు ఆ డబ్బా పట్టుకొచ్చారు. అయ్యో, ఈ అమ్మ కారుకి అవసరం లేకపోయినా, నా బంకు ఉండాలని ఇంత తాపత్రయపడుతోంది, ఈమెతో మూసేస్తున్నానని ఏ నోటితో చెప్పను అనుకున్నాను. నడుముకి తాడు కట్టుకుని మంచులో లాక్కొచ్చిన రోజు ఇంటికెళ్ళి, ఇంకో ఏడాది ఎలాగో లాగుదాం అన్నాను. మా ఆవిడ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు."

అక్క కుర్చీ అంచుకి జరిగింది.

"అయితే మీకు... నామీద కోపం లేదా?"

"మీరు ఆ డబ్బా తేకపోయి ఉంటే ఈపాటికి నేను మోకాళ్ళు బాగుచేయించుకుని కాళ్ళు చాపుకుని కూర్చునేవాణ్ణి. దానికి కోపం తెచ్చుకోమంటారా, తెచ్చుకుంటాను."

అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి, మందు ఘాటుకి అని చెప్పాను. ఉసుదాగారు ఇంకా ఏదో మింగుతున్నట్టు కనిపించారు.

"ఇంకోటి కూడా ఉంది. ఎవరికీ చెప్పకు హరు-చాన్" అన్నారు. అరవై దాటినా ఆయనకి నేను 'చాన్' అని ముద్దుగా పిలిచే చిన్నపిల్లనే. "మేమూ అలాంటి కారొకటి చూసొచ్చాం. పట్నంలో అయితే ఎవరైనా చూస్తారని పక్క జిల్లాకి వెళ్ళాం. కొనలేదు. మీరు మంచులో నా పెట్రోలు లాక్కెళ్తుంటే నేను కరెంటు కారులో ఎలా తిరగను?"

ఆ తర్వాత ఇద్దరూ బార్లీ టీ పెట్టుకుని కూర్చున్నారు. జీవితమంతా పెట్రోలు అమ్మిన మనిషి ముందుకి వంగి, కిలోమీటరుకి కరెంటు ఎంత పడుతుంది, మంచు రోజుల్లో ఎంత తగ్గుతుంది, బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది అని అడుగుతుంటే, అక్క వేళ్ళు మడిచి లెక్కపెడుతూ చెప్పింది. తన లీటరు పట్నంకంటే ప్రియమని తనకీ తెలుసన్నారాయన, ట్యాంకరు ఇంత పైకి ఎక్కి రావాలి కదా, అందుకు. ఎవరూ ఒక్క మాట అనకుండా కొన్నందుకు రోజూ సిగ్గుగా ఉండేదట. వాళ్ళ మాటల్లో పడి నేను గంట మోగింది వినలేదు. అక్క జుట్టు వేగిపోయింది, వేసవి దాకా గొర్రెపిల్లలా తిరిగింది. దానికీ నాకు ఊరగాయ ఇచ్చింది.

ఏప్రిల్లో ఉసుదాగారు బంకు మూశారు. ఊరంతా వెళ్ళి వంగి నమస్కరించాం. ఇప్పుడు పెట్రోలు కావాలంటే నేను కొండ దిగాలి, పోసుకున్నదాంట్లో కొంత ఇంటికి ఎక్కేసరికే ఆవిరైపోతుంది. మా ఊళ్ళో పెట్రోలు మీద ఏడుస్తున్నది ఇప్పుడు నేనూ, ఇంకో ఇద్దరూ. అయినా నాకు హాయిగానే ఉంది. నా నోరు జీవితంలో ఒక్కసారైనా పనికొచ్చింది.

ఆ సెలూన్ గొడవ జరిగిన మరుసటి వారం అక్క వచ్చి కూర్చుంది. జరిగినదంతా ఆ సాయంత్రమే ఎయిజిగారికి చెప్పిందట. ఉసుదాగారి టాంకులు, ఒప్పందం, కరెంటు కారు ముచ్చట, అంతా. ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నారట. విని ఒక్కటే అడిగారట.

"అయితే రేపు హీటరు వేస్తావా?"

"చలికాలమంతా ఒక్కసారీ అడగలేదే" అంది అక్క. చేతిలో తువ్వాలు మడతపెడుతోంది, విప్పుతోంది. "ఇన్నాళ్ళూ ఎందుకడగలేదండీ అంటే, అడిగితే నువ్వు పెట్రోలు కొనలేవు, ఉసుదాగారి ముందు నీకు చిన్నతనంగా ఉంటుంది, అందుకని ఊరుకున్నాను అన్నారు. మర్నాడు ఇంటి ముందే హీటరు పూర్తిగా పెట్టాను. ఊరి చివర వంతెన దాటకుండానే ఆయన కోటు విప్పేసి నిద్రపోయారు."